ఆ ఆడచేప ఏ తొట్టిది?

బుధవారం, తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్.

బస్సుల్లేక ఎల్బీ నగర్ నుంచి నడిచే వచ్చాను. చేపలకు మేత వేయమని తాళంచెవి ఇచ్చింది నేనే. అయినా ఎదురింటి ప్రసాద్ నా తొట్ల ముందు చేతులు తడుపుకొని నిలబడితే మనసు ఊరుకోలేదు.

రెండు తొట్లలోవీ దక్షిణ అమెరికా కిల్లీ చేపలే, జాతులు వేరు. మగవాటిని రెక్కల రంగు చూసి చెప్పొచ్చు. ఆడవి మాత్రం అచ్చం ఒకేలా ఉంటాయి. అందుకే ఎప్పుడూ కలపను.

"ఏంది ప్రసాద్ భాయ్, ఆడచేపను తొట్టి మార్చిన్రా?"

"ఎగిరి కింద పడిందండి. తీసి దాని తొట్టిలోనే వేశాను."

"దాని తొట్టి ఏదో మీకెట్ల తెల్సు?"

అతని మొహం చిన్నబోయింది. "ఈమధ్య మీరు నన్ను అన్నిటికీ ఇలాగే అడుగుతున్నారండి. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది."

నేను అడిగింది చేప గురించే. చేప గురించేనా?

ఆ తొట్టిలోని మగచేప దానితో కలిసి గుడ్లు పెట్టించడానికి అడుగున కొబ్బరిపొట్టులోకి దూరుతోంది. ఆడది పరాయి జాతిదైనా దూరుతుంది, అది సాక్ష్యం కాదు. ఆ గుడ్లను తడిపొట్టులో నెలల తరబడి దాచి, నీళ్లు పోసి, పిల్లల రెక్కలకు రంగొస్తే గానీ నిజం తెలియదు.

ప్రసాద్ తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లాడు. నేను తిరిగి ఇమ్మని అడగలేదు.