పొయ్యి పైనున్న దూలం

గోస్పోర్ట్, 9 మార్చి 1936

అమ్మా,

దగ్గు తగ్గింది, బెంగపెట్టుకోకు.

తాత కుర్రతనంలో పనిచేసిన పందెపు పడవ ‘కిట్టీవేక్’ ఇక్కడి బురదలో ఉంది. ఒక్క వేసవిలో ఇరవై మూడు పందేలు గెలిచిన దానికి ఇప్పుడు పొగగొట్టం, కిటికీ పరదాలు. ఇన్నాళ్లూ ఎవరో అందులో కాపురం ఉన్నారు. ఇది అదేనని రుజువైతే ఒక దొర కొని బాగుచేయిస్తాడట. లేకపోతే శనివారం, అడుగున బరువుకు పోసిన సీసం కోసం పగలగొట్టేస్తారు. రిజిస్టరు నంబరు నడిమి దూలం మీద చెక్కుతారు. తీరా చూస్తే మిగతావన్నీ పాత ఓక్ దూలాలు, అదొక్కటే తర్వాత వేసిన చౌక కర్ర.

మా పడవల షెడ్డులో ముసలి మేస్త్రీ ఈనక్ నవ్వాడు. "దీన్ని ఇల్లుగా మార్చేటప్పుడు ఆ దూలం మీ తాతే కోసుకుపోయాడురా. రెండో కొస నేనే పట్టుకున్నా. పుట్టిందగ్గర్నుంచీ దాని కిందే తిని, ఇక్కడికొచ్చి వెతుకుతున్నావా?"

మన వంటింటి పొయ్యి పైనున్న దూలం మీద సున్నం గీకు. రిజిస్టరులో ‘కిట్టీవేక్’ నంబరు 87412. అది కనిపిస్తే పాదిరీగారికి చూపించి, చూశానని ఆయన చేత రాయించి వెంటనే పంపు. ఈనక్ సాక్ష్యం చెబుతానన్నాడు. నాన్నను మాత్రం దూలం పీకనివ్వకు. ఆలిచిప్పల వేట ఎలా ఉంది? నా ఊలు మేజోళ్లు పంపు. చెల్లికి ముద్దులు.

ఎక్కడ గీకాలో తెలియకపోతే, తాత సముద్రానికి బయలుదేరే ముందు మునివేళ్ల మీద లేచి చెయ్యి ఆనించేవాడే, అక్కడ మొదలుపెట్టు.

నీ అంబ్రోస్