నీ గొంగడి కప్పుకున్న పెద్దమనిషి

నాయినా,

నువ్వు పోయి సరిగ్గా ఏడాది అయిన రోజే సూర్యాపేట బస్టాండు దగ్గర గొర్రెల కాపరుల సంఘంవాళ్లు చలివేంద్రం తెరిచారు. వడదెబ్బకు పోయిన గొర్రెల కాపరివని నీ ఫొటో పెట్టారు. ఏసీ కారు దిగిన పెద్దమనిషి ఒకాయన మైకు అందుకున్నాడు.

"ఎండలు తాతల కాలం నుంచి ఉన్నయే. సూర్యుడు మండితే మనిషేం జేస్తడు? పొగ, వాయువు అన్నీ సదువుకున్నోళ్ల కతలు!"

జనం చప్పట్లు కొట్టారు.

నువ్వు బడి గడప తొక్కలేదు. తిరుమలగిరి మెట్ట చెలకల్లో మంద దగ్గర పడుకుని వచ్చి ఒకటే అనేవాడివి: "పగటి ఎండ ఎప్పుడూ ఉన్నదే బిడ్డా. రాత్రే సల్లబడ్తలేదు. గొంగడి అక్కరే పడ్తలేదు."

నేను బడిలో చెప్పే సైన్సూ అదే. తప్పు సూర్యుడిదైతే పగళ్లే ఎక్కువ కాగాలి. కానీ రాత్రుళ్లు అంతకన్నా వేగంగా వేడెక్కుతున్నాయి, ఎందుకంటే నేల వేడి సరిగా పైకి పోవడం లేదు. బొగ్గూ డీజిలూ తగలేసి మనం వదిలిన వాయువే భూమికి గొంగడి. ఆ మహానుభావుడి బుర్రకు ఇది ఎక్కదు.

చివర్లో సన్మానం. గొంగడి కప్పడం మనవాళ్ల మర్యాద కదా, సంఘంవాళ్లు నీదే అడిగితే సిగ్గులేక ఇచ్చాను. ఫొటో తీసేలోపే ఆయన గింజుకున్నాడు.

"తియ్యుండ్రి జర, ఉడికిపోతున్న!"

గొంగడి వేడెక్కిస్తుందని ఆయనకూ తెలుసు, తన ఒంటి మీదైతే.

కింద పడేసిన గొంగడిని నేనే తీసి దులిపాను. ఏడాదిగా దానికి ఉన్న మంద వాసన పోయింది. ఇప్పుడు ఆయన సెంటు వాసన కొడుతోంది.