వరసైన గుర్రాలు

దుత్తలూరు,
ఆదివారం.

చిరంజీవి అశ్వితకు అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ నాయన, గొర్రెలు, నీ ఫోను ఆటలోని గుర్రాలు అందరం బాగున్నాం. నెల్లూరు హాస్టల్లో తిండి, నీళ్లు కుదురుకున్నాయని రాశావు, సంతోషం. డీఎస్సీ పరీక్ష అయ్యేదాకా ఫోను ముట్టనని ఇక్కడే పెట్టి పోయావు కాబట్టి, కాగితం మీద రాయడం నాకు మళ్లీ అలవాటవుతోంది.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. గుర్రాలకు మేత వేస్తున్నానా అని ఒకటి. మా తమ్ముడు పెంచలప్రసాద్‌ను నువ్వు పెళ్లి చేసుకోనన్న సంగతి అవ్వకు చెప్పానా అని రెండోది. మొదటిదానికి జవాబు తేలిక. అదే ముందు రాస్తాను.

మేత వేస్తున్నాను. మొదట్లో నువ్వు చూపినట్టు పొద్దునా సాయంత్రం బొమ్మ మీద వేలు పెట్టి వదిలేసేదాన్ని. తర్వాత ఒక్కో గుర్రం పక్కనున్న అంకె ఏమిటా అని చూడటం మొదలుపెట్టాను. అది జాతి నాణ్యతకు వేసే మార్కు అని తెలిసింది. తల్లీ తండ్రీ మంచివైతే పిల్లకూ మంచి మార్కు వస్తుంది, అది ఎవరికైనా తెలుసు. కానీ చూలుకు ముందు తల్లికి బాగా పరుగు నేర్పితే పిల్లకు ఇంకా రెండు మూడు మార్కులు కలుస్తాయని నేనే కనిపెట్టాను. నీకు ముందే తెలుసో లేదో. తక్కువ మార్కుల పిల్లలను ఆటలోని సంతలో అమ్ముతున్నాను. పుట్టిన వెంటనే అమ్మితే ధర రాదు, నడక నేర్పి అమ్మితే రెట్టింపు వస్తుంది. నువ్వు వదిలిపోయిన నాణేలు ఇప్పుడు మూడింతలయ్యాయి. వాటికి ఉప్పు పాకెట్టు కూడా రాదని మీ నాయన నవ్వుతాడు. నవ్వుతూనే పక్కన కూర్చుని చూస్తాడు.

ఇక మన ఆడగుర్రం మల్లి సంగతి. దాన్ని దేనితో కలపాలా అని చాలా ఆలోచించాను. బయటివాళ్ల మగగుర్రం కావాలంటే నాణేలు కట్టాలి. మన కొట్టంలోనే భీముడున్నాడు, మల్లి తల్లికి సొంత తమ్ముడు. అంటే మల్లికి మేనమామ. వరస కుదిరింది, ఖర్చు లేదు, అంతా ఇంట్లోనే ఉంటుంది అనుకుని కలిపాను. మల్లికి డెబ్భై నాలుగు, భీముడికి ఎనభై. పుట్టినదానికి యాభై ఎనిమిది! ఆటలోనే ఏదో తప్పు జరిగిందనుకుని ఇంకోసారి కలిపాను. ఈసారి ఇంకా తగ్గింది. పిల్ల బొమ్మ మీద వేలు పెడితే దాని తాతముత్తాతల పట్టిక వచ్చింది. ఒకే జంట రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా ఎర్ర గీత. దగ్గరి రక్తం అని కింద రాసి ఉంది. తర్వాత నాణేలు కట్టి బయటి మగగుర్రంతో కలిపితే మల్లికి ఎనభై మూడు మార్కుల పిల్ల పుట్టింది. మనం మంచి సంబంధం అనుకునేది ఆ ఆటకు ఎందుకు పనికిరాలేదో నాకు అంతుపట్టలేదు.

మీ నాయన గొర్రెలను తోలుకొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను.

"మామా, మన పొట్టేలును రెండేళ్లకోసారి ఎందుకు మారుస్తావు?"

"మార్చకపోతే దాని పిల్లల మీదికే అది పోతాది. ఈనే పిల్లలకు సత్తువ ఉండదు. ఇన్నేళ్లు చూస్తానే ఉండావు గదా, ఇప్పుడడగతావేంది?"

"మరి నువ్వు మా అమ్మకు తమ్ముడివే గదా?"

"మనం గొర్రెలమా ఏంది!" అని నవ్వాడు. కాళ్లు తుడుచుకుంటూ తనే అన్నాడు. "అశ్విత సంగతికి గొర్రెలెందుకు, గుర్రాలెందుకు? అది వద్దని చెప్పింది. నువ్వే ఇనలా."

అశ్వితా, నీకు చెప్పని మాట ఒకటుంది. నువ్వు వద్దన్న తర్వాతే, ఉగాది నాడు, అవ్వ నిన్ను తమ్ముడికి అడిగితే నేను సరే అన్నాను. నాలుగు రోజులు పోతే నువ్వే మనసు మార్చుకుంటావనుకున్నాను. నువ్వు వద్దంటే ఎందుకని అడగనిదాన్ని, ఫోనులో గుర్రప్పిల్లకు మార్కులు తగ్గితే ఎందుకని మీ నాయన దాకా పోయి అడిగాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

బుధవారం ఆత్మకూరులో అవ్వ ఇంటికి పోయి, గుర్రాల సంగతితో సహా అంతా చెప్పేశాను. అవ్వ మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

"ఏందే, సెల్లులో గుర్రాన్ని చూసి నా కొడుక్కి పిల్లనియ్యనంటావా? ఊళ్లోవాళ్లు ఇంటే నవ్వతారు!"

పెంచలప్రసాద్ మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "గుర్రం మాట వదిలెయ్ అమ్మా. అక్కా, అశ్విత ఏమనింది?"

"వద్దనింది రా."

"ఎప్పుడు?"

"ఉగాదికి ముందే."

"మరి నాకెందుకు చెప్పలా? నేను పెళ్లికని ఇంటికి రంగులేయిస్తా ఉంటే చూసి కూడా ఊరకే ఉండావే?"

 మామ నిన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. బండి తీసుకుని తన ఎరువుల అంగడికి పోయాడు. అవ్వ అన్నం తినమనలేదు. మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను. అప్పటి నుంచి ఆమె నా ఫోను ఎత్తడం లేదు. ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను కానీ మాట మార్చను. నీ రెండో ప్రశ్నకు ఇదే జవాబు.

నువ్వు దిగులు పడకుండా చదువుకో. నాకూ ఒకటి తెలుసుకోవాలని ఉంది. నీకు ఎలాంటి మనిషి కావాలో, అసలు ఇప్పుడు పెళ్లి కావాలో వద్దో, నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మామ మంచివాడే కదా అని మధ్యలో అడ్డం రాను. పరీక్ష అయ్యాకే రాయి. ఎంత పొడుగున్నా చదువుతాను.

ఇట్లు,
మీ అమ్మ
జయశ్రీ