దుఖాన్ స్టోర్‌కు పదో ల్యాప్‌టాప్

అక్టోబర్ 5, ఆదివారం

పొద్దున్నే మేనేజర్ ఫాదీ సర్ పిలిచిండు. కంపెనీకి పది కొత్త ల్యాప్‌టాప్‌లు. ఏఐ అసిస్టెంట్ ల్యాప్‌టాప్ లోపల్నే నడవాలె — మన కాగితాలు బయటి సర్వర్లకు పోవద్దంట. ఉత్తరాలు రాసుడు, మీటింగ్ నోట్సు, పాత ఫైళ్లు వెతుకుడు. "ఏది కొనాలో నువ్వే తేల్చు. ఎవరెవరికి ఇయ్యాలో రాయి. ప్రతి పేరు పక్కన కారణం." నెలాఖరు వరకు టైమిచ్చిండు.

ఈ అరబ్బు దేశంల పదకొండేండ్ల సంది నా పని ప్రింటర్లు, పాస్‌వర్డ్‌లు. ఎంచుకొమ్మని అడుగుడు ఇదే మొదలు.

అక్టోబర్ 7, మంగళవారం

ట్రయల్‌కు రెండు మిషన్లు వచ్చినయ్. ఒకటి సన్నగ, తేలిక — మెమరీ పదహారు జీబీ. ఇంకోటి మందం, ముప్ఫై రెండు. రెండు డబ్బాల మీద ఏఐ అని పెద్దగ రాసుంది. దాంతోని తెలిసేదేం లేదు.

సన్నదాంట్ల మెయిల్, ఎక్సెల్ తెరిచి పెట్టి ఉత్తరం రాయమన్న. మాట... ఆగుడు... ఇంకో మాట. చాయ్ తాగొచ్చిన, ఇంకా రాస్తనే ఉంది. మందందాంట్ల ఆ తిప్పలు లేదు. తర్వాత మెమరీ పెంచుకునే వీలు రెండిట్లనూ లేదు. ఇప్పుడు తప్పు కొంటే నాలుగేండ్లు అదే తప్పుతోని కూసోవాలె.

అక్టోబర్ 8, బుధవారం

ప్రింటర్. మళ్ల ప్రింటర్.

అక్టోబర్ 9, గురువారం

సైట్ల కూడ చూద్దామని సన్నది పట్టుకొని ఎడారిల ఉన్న దుఖాన్ ఆయిల్ సైట్‌కు పోయిన. పైపు సామాన్ల స్టోర్ క్యాబిన్ల ఖాజా భాయ్ ఒక్కడే. బోధన్ దిక్కు మనిషి, ఇరవై రెండేండ్ల సంది అదే స్టోర్. నేను కొత్తగ వచ్చినప్పుడు నెల రోజులు నాకు తన గిన్నెల అన్నం పెట్టిండు.

"ఇది చదివి చెప్తదా, శీను?"

"చెప్తది."

డెలివరీ కాగితం తీసి నా చేతికిచ్చిండు. ఇచ్చేముందు ముక్కు దగ్గర పెట్టుకొని, పక్కకు వంచి చూసిండు. అప్పుడు గమనించిన — అరల మీద మార్కర్‌తోని రాసిన అంకెలు ఒక్కోటి అరచెయ్యంత. ఇదివరకు అట్ల లేకుండె.

అడిగిన.

"షుగర్. కండ్లకు కొట్టింది. ఎడమది అయిపోయింది. కుడిదాంతోని జర జర... చదువుడైతే మాఫీ, లేనే లేదు. గుర్తు మీద నడిపిస్తున్న." ఎనిమిది నెలలాయెనంట. ఎవరికీ చెప్పలే.

అక్టోబర్ 10, శుక్రవారం

సెలవు. బట్టలు ఉతికిన. జాబితా ముందు పెట్టుకొని కూసున్న. స్టోర్‌కు అంత మంచి మిషన్ ఎందుకని అడుగుతరు. కారణం రాస్తే ఆయన కండ్ల సంగతి బయటపడ్తది. రాయకుంటే మిషన్ రాదు.

అక్టోబర్ 13, సోమవారం

మళ్ల దుఖాన్. ఈసారి మందంది.

పక్కనే కంప్రెసర్ రొద — మన మాట మిషన్‌కు ఇనబడలే. మైకున్న హెడ్‌సెట్ పెడితే ఇన్నది. ల్యాప్‌టాప్ కెమెరా మన మొఖమే చూస్తది, సామాను చూపెట్టలేం. వైరుతోని వేరే కెమెరా తగిలించిన. ఫ్యాన్ రొద పెట్టింది గని మిషన్ ఆగలే. వరుసగ నాలుగు కాగితాలు సరిగ్గ చదివింది. ఖాజా భాయ్ తల ఊపుకుంట ఇన్నడు.

తర్వాత రెండంగుళాల వాల్వు. రేకు ట్యాగ్ మీద గీతలు, అంకెలు సగం అరిగిపోయినయ్. మిషన్ తడుముకోకుంట చెప్పింది — ప్రెషర్ క్లాస్ మూడు వందలు.

ఖాజా భాయ్ వాల్వు అంచు మీద వేళ్లు తిప్పిండు. "నాలుగు బోల్టు రంధ్రాలే ఉన్నయ్. మూడు వందలదానికి ఎనిమిదుంటయ్. ఇది నూటయాభై."

కనబడనిదాన్ని ఊహించి చెప్పింది మిషన్.

"మరి పైపుల నడిమిట్ల పెట్టే గ్యాస్కెట్ అయితే? దానికి రంధ్రాలుండయ్ గదా?"

ఖాజా భాయ్ వాల్వు కింద పెట్టిండు. "అంచు మీద రంగు చూసి గుర్తుపట్టాలె. ఆ రంగులే ఇప్పుడు ఆనుతలేవు," అన్నడు.

అక్టోబర్ 14, మంగళవారం

తొమ్మిది పేర్లు రాసిన. పదోది ఖాళీ.

అక్టోబర్ 16, గురువారం

డ్యూటీ దిగే టైముకు ఖాజా భాయ్‌కి ఫోన్ చేసిన. కారణం లేకుంట మిషన్ ఇప్పియ్యలేనని చెప్పిన. దాచిపెట్టి ఇచ్చుడు కూడ నాతోని కాదని చెప్పిన. స్టోర్ నుంచి తప్పు గ్యాస్కెట్ పోయి పైపులైన్ లీకయితే అక్కడ నిలబడేది పనిల ఉన్న మన పోరగాండ్లే.

అవతల క్యాబిన్ తలుపు మూసిన చప్పుడు.

"నా కండ్లు. నేనే చెప్త. నువ్వు రాయకు."

అక్టోబర్ 19, ఆదివారం

ఖాజా భాయ్ సైట్ బస్సుల ఆఫీసుకు వచ్చిండు. ఇస్త్రీ అంగీ. ఫాదీ సర్ రూంల అరగంట. తర్వాత నన్ను పిలిచిండ్రు.

"నీకు తెలుసా?"

"తెలుసు సర్. తొమ్మిదో తారీకు నుంచి."

ఫాదీ సర్ రాసుకున్నడు.

ఖాజా భాయ్ హిందీల మెల్లగ చెప్పిండు — ఇన్నేండ్లల్ల ఒక్క తప్పు సామాను పోలే, ఇగ ముందు కూడ పోవద్దు, అందుకే వచ్చిన అని. ఫాదీ సర్ కోపం చెయ్యలే. కంపెనీ డాక్టర్‌కు చూపెట్టాలె. అప్పటిదాకా ఇంకో మనిషి పక్కనుండి రంగులు, ట్యాగులు చూడాలె. అంతే.

బయటికి వచ్చినంక ఖాజా భాయ్ నా భుజం మీద చెయ్యేసిండు. "యల్లా, ఇగ నేను పోత శీను, బస్సు పోతది."

నేను చేసింది మంచో చెడ్డో తెల్వది. మిషన్ల గురించైతే రాయగలుగుత.

అక్టోబర్ 27, సోమవారం

డాక్టర్ కాగితం వచ్చింది. కుడి కన్ను ఆపరేషన్‌తోని నిలవొచ్చు, గ్యారంటీ లేదు. పనిల ఉంచాల్నా వద్దా — హెడ్ ఆఫీసుకు రాసిండ్రు.

అక్టోబర్ 30, గురువారం

ఆర్డర్ పోయింది. పదీ మందంవే, ముప్ఫై రెండు జీబీ. పది హెడ్‌సెట్లు. వైరు కెమెరా ఒకటి.

పదో వరుసల నేను ఖాజా అని రాసిన. ఫాదీ సర్ ఆ పేరు కొట్టేసి "దుఖాన్ స్టోర్" అని రాసిండు.

"మిషన్ స్టోర్‌కు. మనిషి సంగతి నా చేతిల లేదు."

మధ్యాహ్నం ఖాజా భాయ్ ఫోన్ చేసిండు. "దాని గొంతు జర నిమ్మలంగ చదివేటట్టు పెట్టు శీను. అంకె అంకెకు ఆగాలె."

పెడ్తనన్న.

హెడ్ ఆఫీసు నుంచి ఏమన్న వచ్చిందా అని ఆయన అడగలే. పేరు కొట్టేసిన సంగతి నేను చెప్పలే.