పసుపు గది

బోధన్,
ఆదివారం.

చిరంజీవి హర్షిణికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం, ఆపరేషన్ అయిన మీ నాయనమ్మ కన్నుతో సహా. నువ్వు కోలుకుంటున్నావని నీ అక్షరాలు చూస్తేనే తెలిసింది. మొదటి ఉత్తరంలో గీత దాటి కిందికి జారిపోయిన అక్షరాలు ఈసారి గీత మీద కుదురుగా కూర్చున్నాయి. కుడిచేతి వేళ్లకు కసరత్తు అని అక్కడి ఫిజియోథెరపీ మేడమ్ నీ చేత ఉత్తరాలు రాయిస్తానన్నప్పుడు, ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు పోస్ట్‌మ్యాన్ బండి చప్పుడు నాకు దూరం నుంచే తెలిసిపోతోంది. ఫోన్‌లో అయితే నీ గొంతు వినగానే చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోతాను. కాగితం ముందు ఆ ఇబ్బంది లేదు.

ముందు నువ్వు అడిగినవి చెప్తాను. నాయనమ్మకు కట్టు విప్పారు. నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుని దారిన పోయేవాళ్లందరినీ పలకరిస్తోంది. కట్టు విప్పిన రోజే నన్ను దగ్గరికి పిలిచి ముఖంలోకి చూసి, "గింత ముసలిదానివి ఎప్పుడైనవే పుష్పా?" అంది. యాక్సిడెంట్ అయిన నీ స్కూటీ అమ్మలేదు. షెడ్డులో దుప్పటి కప్పి ఉంచాం. అది నీది, దాన్ని ఏం చేయాలో నువ్వే చెప్పాలి. నీ దోస్తు హిబా వస్తూనే ఉంది. నువ్వు గీసిన జాకెట్ డిజైన్లు అన్నీ మగ్గం మీద కుట్టేసిందట, కొత్తవి లేక పెళ్లిళ్ల సీజన్‌లో పాతవే తిప్పి తిప్పి కుడుతోందట. "ఆంటీ, దాని చెయ్యి బాగయిందా లేదా, గదొక్కటి చెప్పుండ్రి" అని వచ్చినప్పుడల్లా అడుగుతుంది. కాళ్ల సంగతి అడగని మనిషి అదొక్కతే.

ఇక నీ ఉత్తరంలో చివర రాసిన సంగతి. డిశ్చార్జ్ అయ్యాక ఇంటికి రానన్నావు. హైదరాబాద్‌లోనే చక్రాల కుర్చీలో ఉండే అమ్మాయిల హాస్టల్ ఉంది, అందులో చేరతానన్నావు. హాల్లో మంచం వేసి పడుకోబెడితే వచ్చినవాళ్లంతా అయ్యో అంటుంటే వినలేనన్నావు. పైన ఉన్న నీ గది తాళం మాత్రం తీయొద్దనీ, మెట్లెక్కి వచ్చి నువ్వే తీస్తావనీ బాపుకు చెప్పమన్నావు. ఈ ఉత్తరమంతా దానికే జవాబు. ఓపికగా చదువు.

హాల్లో మంచం అన్న మాట ఎక్కడ విన్నావో గానీ, అది నిజమే. మీ మేనత్త వచ్చినప్పుడు అంది. "ఆస్పత్రిల ఉంటది సూడు, తిప్పితె తలకాయ లేచే మంచం, గసుంటిది తెచ్చి హాల్ల ఎయ్యి వదినె. అందరి కండ్ల ముందుంటది, నీకూ అల్కగుంటది" అంది. ఆమె మంచికే చెప్పింది. నాకు మాత్రం ఆ మాట నిద్ర పట్టనివ్వలేదు. ఇరవై దాటిన పిల్ల అందరి కళ్ల ముందు ఎందుకుండాలి? మన ఇంట్లో గదులే లేవా?

ఉన్నాయి. కానీ లోపలి గదుల తలుపులన్నీ ఇరుకు. పోయినసారి నీ దగ్గరికి వచ్చినప్పుడు నీ కుర్చీ వెడల్పుకూ, సీటు ఎత్తుకూ దారం పెట్టి ముడులు వేసుకున్నాను. నువ్వు నిద్రలో ఉన్నావు. ఇంటికొచ్చి ఆ దారం ప్రతి తలుపుకూ పెట్టి చూశాను. ఒక్క గదికే సరిపోయింది. వాకిలి పక్కన పసుపు బస్తాలు వేసే గది. హమాలీలు బస్తా భుజం మీద పెట్టుకుని నడవాలని మీ తాత దానికి రెండు రెక్కల తలుపు పెట్టించాడు. కిటికీ వీధి వైపు ఉంది. వేపచెట్టు నీడ కూడా పడుతుంది. ఇన్నేళ్లూ మంచి గదిని బస్తాలకు ఇచ్చుకున్నాం.

మీ బాపు బస్తాలన్నీ నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పంపేశాడు. అంతవరకు నా మాట విన్నాడు. గోడలకు సున్నం వేయిస్తే, ఆరగానే కింది నుంచి పసుపు రంగు పైకొచ్చింది. మళ్లీ వేయిస్తే మళ్లీ వచ్చింది. ఇంకో పూత వేస్తానన్నాడు సున్నం వేసే మనిషి. వద్దన్నాను. పొద్దున ఎండ పడ్డప్పుడు ఆ గోడ ఎట్లా ఉంటుందో నువ్వు చూడాలి. వాసన కూడా పూర్తిగా పోలేదు. నీకు నచ్చకపోతే అప్పుడు చూద్దాం.

మంచం కోసం మీ బాపూ నేనూ నిజామాబాద్‌లో దుకాణాలన్నీ తిరిగాం. ఇప్పటి మంచాలన్నీ కింద పెట్టెల్లా మూసేసి ఉన్నాయి. నీ కుర్చీని మంచానికి ఆనించాలంటే నువ్వు పాదాలు పెట్టుకునే పలక మంచం కిందికి పోవాలి కదా, అవి పోనివ్వవు. పైగా అవన్నీ పెట్టి చూస్తే లాడ్జి గదిలా ఉంటుంది. కావలసినవన్నీ ఇంట్లోనే ఉంటే కొత్తవెందుకనిపించింది. వెనక కొట్టంలో నాయనమ్మ టేకు మంచం ఉంది కదా, తల వైపు నెమళ్లు చెక్కినది. దాన్ని బయటికి తీయించాను. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు మీ తాత వేలంలో కొన్న పెద్ద రాతబల్ల, గడ్డివాము కింద సగం పూడిపోయి ఉంటే అదీ తీయించాను. చెక్క బీరువా సరే, ఎప్పుడూ మన కళ్ల ముందున్నదే.

పనికి అతీఖ్ భాయ్‌ని పిలిచాను. బస్టాండ్ వెనక పాత సామాను బాగుచేసే ఆయన. బల్ల మధ్య సొరుగు మోకాళ్లకు తగులుతుందని తీసేయించాను. బీరువాలో పైన ఉన్న, బట్టలు తగిలించే కర్రను కూర్చుంటే అందేటట్టు కిందికి దింపించాను. దాని తలుపులు తెరిస్తే కుర్చీకి అడ్డమొస్తాయని వాటిని ఊడదీసి నాయనమ్మ నారాయణపేట చీరతో పరదా కుట్టాను. అద్దం బిగించేటప్పుడు ఆయన అలవాటుగా నిలబడ్డ మనిషి ఎత్తులో మేకు కొట్టబోయాడు. నేను నీ సీటు ఎత్తున్న స్టూలు మీద కూర్చుని చూస్తే అందులో ఫ్యాన్ కనిపించింది. నా ముఖం కనిపించేదాకా కిందికి దింపించాను.

మంచం దగ్గరే గొడవ వచ్చింది. దాని కాళ్లు మహా పొడుగు. నీ సీటు ఎత్తుకు దారం పెడితే చాలా తేడా ఉంది. ఎత్తు సమంగా ఉంటేనే నువ్వు ఎవరూ పట్టుకోకుండా కుర్చీలోంచి మంచం మీదికి జరగగలవని అక్కడి మేడమ్ నాకు మరీ మరీ చెప్పింది. అందుకని కాళ్లు కోయమన్నాను.

అతీఖ్ భాయ్ మంచాన్ని వాకిట్లో బోర్లా వేసి, రంపం ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో దాని కాళ్లు తడిమి చూశాడు. "గిసుంటి సాగువాన్ కర్ర గిప్పుడెక్కడ దొరుకుతది భాబీ? కోస్తె మళ్ల అతకదు. ఇంకోసారి సోంచాయించుకోండ్రి" అన్నాడు. సరిగ్గా అప్పుడే మీ బాపు బండి దిగాడు. రంపం చూశాడు, మంచం చూశాడు.

"ఆపు భాయ్. ఏం జేస్తున్నరు?"

"కాళ్లు కోయిస్తున్న. కుర్చీ ఎత్తుకు రావాలె" అన్నాను.

"మా నాయిన మంచమది."

"నీ బిడ్డ మంచం ఇది."

"నా బిడ్డకు కాళ్లొస్తయి పుష్పా. రేపు లేచి నడుస్తది. గప్పుడు గీ పొట్టి మంచం ఏం జేస్తవ్?" అన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. కోపం కాదు. మంచం కాళ్లు కోస్తే నీ కాళ్ల మీద ఆశ కోసేసినట్టే ఆయనకు.

"నడిస్తె నడువనీ. నడిచే పిల్ల పొట్టి మంచం మీద పండుకోవద్దా? నడువకున్నా గిదే మంచం, నడిచినా గిదే మంచం. కానీ రేపు అది ఇంటికొస్తె, ఎవరన్నా ఎత్తి పండుకోబెట్టేదాక కుర్చీల కూసోని సూడాల్నా?"

ఆయన బండెక్కి పొలానికి వెళ్లిపోయాడు. అతీఖ్ భాయ్ రంపం కింద పెట్టేశాడు. "మాలిక్ వద్దన్నంక నేనెట్ల కొయ్యాలె భాబీ? రేపొస్త" అన్నాడు.

రేపటికి ఆగితే ఇక ఎప్పటికీ కాదని నాకు తెలుసు. కొంగు నడుముకు చుట్టి రంపం నేనే తీసుకున్నాను. దారం పెట్టి గీత గీసి మొదలుపెట్టాను. టేకు కదా, రంపం దిగదు, ఇరుక్కుపోతుంది, లాగితే చెయ్యి జారుతుంది. అరచేతులు బొబ్బలెక్కాయి. గీత ఒక పక్కకు పోతే నా కోత ఇంకో పక్కకు పోయింది. అయినా ఆ కాలు పూర్తిగా కోశాను. ముక్క కిందపడిన చప్పుడు విని నాయనమ్మ నల్లద్దాలు పైకెత్తి చూసింది.

"మంచి పని జేసినవ్" అంది. "లగ్గమైన కాడికెల్లి గా మంచం ఎక్కలేక సచ్చిన. పీట ఏసుకుని ఎక్కేదాన్ని. మీ మామ నవ్వేటోడు. గీ మాట నాకప్పుడే ఎందుకు తట్టలేదో."

అతీఖ్ భాయ్‌కి నవ్వాగలేదు. నా కోత చూసి తల పట్టుకుని, "ఇటియ్యుండ్రి భాబీ, మంచాన్ని ఖరాబ్ జేస్తున్నరు" అని రంపం లాక్కున్నాడు. మిగతా మూడు కాళ్లూ ఆయనే కోశాడు, చక్కగా.

మీ బాపు తిరిగి వచ్చేలోపు ఇంకో పని కూడా చేశాను. ఇంతసేపూ రాయకుండా దాటవేస్తూ వచ్చింది దాన్నే. హర్షిణీ, నీ పైగది తాళం తీశాను.

వద్దని నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. తెలిసే తీశాను. హిబా, నేను కలిసి నీ పుస్తకాలు, రంగుల డబ్బాలు, డిజైన్ల కట్టలు, గోడ మీది ఫోటోలు అన్నీ కిందికి తెచ్చాం. నీ బట్టలు కర్రకు తగిలించాను. పైగదిలో ఇప్పుడు మిరపకాయలు ఆరబోశాను. దానికి తాళం లేదు.

ఎందుకు తీశానో చెప్తాను. పోయినసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ నన్ను తన గదిలోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది, ఇక కుర్చీయేనని. నీకు అంతకుముందే చెప్పానని కూడా అంది. నువ్వు నాకు చెప్పలేదు. నేను నీకు చెప్పలేదు. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో ఉప్మా తింటూ ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం. మెట్లెక్కి వస్తానని నువ్వు రాసింది నీ కోసం కాదు, మీ బాపు కోసమని నాకు తెలుసు బిడ్డా. కానీ పైన ఒక గది తాళం వేసుకుని నీకోసం ఎదురుచూస్తూ ఉంటే, కింది గదిలో నువ్వు ఎప్పటికీ చుట్టానివే. ఇంటికి వచ్చిన దానివి కావు. అందుకే ఆ ఎదురుచూపు నేను తీసేశాను. నీకు కోపం వస్తే నా మీద చూపించు. నేను తట్టుకుంటాను.

దీపాలు పెట్టే వేళకు మీ బాపు వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల మీద నీ రంగుల డబ్బాలు చూడగానే ఆయనకు అర్థమైంది. చెప్పులు విప్పి లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అది కటక్కున ఒక పక్కకు ఒరిగింది. నేను కోసిన కాలే పొట్టిదైంది.

"డాక్టరమ్మ ఏమన్నదో సక్కగ చెప్పు" అన్నాడు.

చెప్పాను.

"పిల్లకు ఎర్కేనా?"

"ఎర్కే."

"మెట్లెక్కి వస్తనన్నది నాకోసమేనా?"

నేను తలూపాను. ఆయన కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. తర్వాత లేచి వాకిట్లోకి వెళ్లి కోసి పడేసిన ముక్కల్లో ఒకటి ఏరుకొచ్చాడు. అతీఖ్ భాయ్ వదిలి వెళ్లిన ఉలితో దాన్నుంచి పలచటి చెక్క తీసి, ఆ కాలి కింద పెట్టి మేకులు కొట్టాడు. చేత్తో నాలుగు మూలలా ఊపి చూశాడు. మంచం కదల్లేదు. అప్పుడు, "తలకాయ అటు దిక్కు పెడితె వీధి కనవడదు. ఇటు తిప్పుదాం, పట్టు" అన్నాడు. ఇద్దరం కలిసి తిప్పాం. మర్నాడు ఆయనే మేస్త్రీని తీసుకొచ్చి వాకిలి మెట్టును పగలగొట్టించి, కుర్చీ ఎక్కేటట్టు వాలుగా కట్టించాడు.

కిటికీ పక్క మూల ఖాళీగా ఉంచాను. హిబా తన మగ్గం తెచ్చి అక్కడ పెడతానంటోంది. పని కోసం వచ్చేవాళ్లు ఇక్కడికే వస్తారట, అయ్యో అనడానికి కాదు, జాకెట్లు ఇవ్వడానికి. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ మూల సంగతి నీకూ దానికీ మధ్య మాట.

శుక్రవారం మీ బాపూ నేనూ కారు మాట్లాడుకుని వస్తున్నాం. హాస్టల్ వద్దని నేను అనను. అక్కడే బాగుంటుందని నీకనిపిస్తే ఈ గది చూసిన తర్వాత వెళ్లు, నేనే వచ్చి దిగబెడతాను. చూడకుండా మాత్రం వెళ్లనివ్వను.

చివరి పని నిన్న అయింది. గది తలుపుకు లోపలి వైపు గడియ పెట్టించాను, కుర్చీలో కూర్చుంటే నీ చేతికి అందే ఎత్తులో. నాయనమ్మ ఒప్పుకోలేదు. "లోపల పడితె ఎట్లనే?" అంది. "పడితె పిలుస్తది. పిలిస్తె పోతం" అన్నాను. ఆ గడియ వేసుకోవడం, తీయడం నీ ఇష్టం. ఈ ఇంట్లో ఎవరైనా సరే, నేనైనా సరే, తలుపు తట్టి, నువ్వు రమ్మంటేనే లోపలికి వస్తాం.

ఇట్లు,
మీ అమ్మ
పుష్పలత