ఎర్ర కండువా కింద

తిరువూరు,
1978 మార్చి, ఆదివారం

పార్వతీ,

బస్టాండులో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. మద్రాసు నుంచి ఇద్దరం వచ్చి దిగామో లేదో, సంచీ కింద పెట్టకుండానే నేను ఎర్ర కండువా తీసి మెడకి చుట్టుకున్నాను. "ఎందుకండీ అది? గాలాడదు" అన్నావు. గొంతుకి కన్నం పెట్టారని ఎవరికీ తెలియక్కర్లేదన్నాను. "మిల్లు గేటు దగ్గర నిద్రపోయింది జబ్బు వల్లేనని సంఘంలో చెప్పరా?" అన్నావు. చెప్పనని అరిచాను. కిళ్ళీకొట్టువాడు సున్నం రాయడం ఆపి మరీ చూశాడు. నువ్వు అరవలేదు. "అయితే నేను మా అమ్మ దగ్గరికెళ్ళి నిద్రపోతా" అని ఎదురుగా ఉన్న వినగడప బస్సెక్కావు. అలిగి పుట్టింటికి పోవడం భూస్వామ్య అలవాటని నీకెన్నిసార్లు చెప్పాను?

నీకు తెలిసిన కథే. ఇంకెవరితోనూ చెప్పుకోలేను కనక మళ్ళీ నీకే చెబుతున్నాను. పత్తి జిన్నింగు మిల్లు సమ్మెలో, సరుకు బయటికి పోకుండా ఆరోజు గేటు కాపలా నాది. పట్టపగలు, చేతిలో జెండాకర్ర పట్టుకుని, నిలబడే నిద్రపోయాను. పత్తి బేళ్ళ లారీ నా పక్క నుంచే వెళ్ళిపోయింది. దానితోపాటు సమ్మె కూడా పోయింది. సంఘం కూర్చుని "కామ్రేడ్ దశరథ్‌లోని సోమరితనం" అని తీర్మానం చేసింది, ఆత్మవిమర్శ రాసిమ్మంది. రాసిచ్చాను. నమ్మే రాశాను పార్వతీ. సంకల్పానికి శరీరం లొంగుతుందని చదివినవాణ్ణి నేను. లొంగలేదంటే లోపం సంకల్పంలోనే ఉందనుకున్నాను.

నిద్రలో నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుందనీ, నువ్వు పక్కన మేలుకుని కూర్చుని కుదిపి లేపుతున్నావనీ, మద్రాసు డాక్టరుకి నువ్వు చెప్పేదాకా నాకే తెలియదు. పేరు పెట్టి పిలవమని నేనెంత పోరినా పగలంతా "ఏవండీ" అనే దానివి, ఆ భయంలో "దశరథం, దశరథం" అని పిలిచేదానివట. అదీ ఆ గదిలోనే విన్నాను.

ఇప్పుడు పడుకునే ముందు గొంతులోని గొట్టానికి పగలు మాట కోసం పెట్టుకునే బిరడా తీస్తున్నాను. లోపలి వెండి గొట్టం పైకి లాగి, మరగబెట్టిన నీళ్ళలో కడిగి మళ్ళీ పెట్టుకుని, పత్తి దుమ్ము పోకుండా పైన తడిగుడ్డ కప్పుకుంటున్నాను. స్నానం భుజాల కిందికే. బావిలో దూకి ఈదడం ఇక ఈ జన్మకి లేదట. బిరడా తీస్తే ఊపిరి ఆడుతుంది గానీ మాట రాదు. ఇదివరకు నా గురకకి వీధి వీధంతా తిట్టేది. ఇప్పుడు నేనున్నానో పోయానో గోడ అవతలివాళ్ళకి కూడా తెలియదు. దాహమేస్తే పిలవడానికి గొంతు లేదు. గొంతున్నా పలకడానికి నువ్వు లేవు. నాకు తెలియని ప్రతి విషయానికీ ఎక్కడో ఒక కరపత్రం దొరికేది. దీనికి దొరకలేదు. ఈ జబ్బుకి తెలుగులో పేరే లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పొద్దున లేస్తే తలనొప్పి లేదు. పేపరు ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఒక్కసారి కూడా తూగకుండా చదివాను.

అయినా చెప్పను. సోమరి అయితే దిద్దుకోమంటారు, మళ్ళీ పని అప్పజెబుతారు. రోగి అయితే పాపమని మూల కూర్చోబెడతారు. నేను మూల కూర్చునేవాణ్ణి కాను.

కామ్రేడ్ దశరథ్

తిరువూరు,
ఏప్రిల్ ఆఖరు

పార్వతీ,

జవాబు లేదు. ఉత్తరం చేరలేదనుకోవడానికి వినగడప చంద్రమండలంలో లేదుగా!

ఈ ఎండల్లో కండువా చూసి ఊరంతా తలో కథా అల్లింది. చలిజ్వరమని ఒకడు. పెళ్ళాం వెళ్ళిపోతే ఉరేసుకోబోయాడని ఇంకొకడు. కింది వాటాలో ఉండే మన లారీ డ్రైవర్ ఖాదర్‌బాషా టీకొట్లో అందరి ముందూ, "ఏంటి తమ్ముడూ, జెండా ఎగరేస్తారు గానీ ఇట్టా ఉడకేస్తారా ఎవరైనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను గ్లాసు బల్ల మీద కొట్టి బయటికొచ్చేశాను. మన అధ్యక్షుడు ఆదిశేషయ్యగారు మాత్రం భుజం తట్టి, "ఎండాకాలం కూడా కండువా దించలేదు, చూడండ్రా నిబద్ధత" అని కుర్రాళ్ళకి నన్ను చూపించారు. ఆ మాటకి నాకు చచ్చినంత పనైంది.

అసలు విషయం రాస్తాను. మే డే సభలో నన్ను మాట్లాడనిస్తారట. ముందు నా ఆత్మవిమర్శ మైకులో చదవాలి. నాది సోమరితనమేనని జనం ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటానన్నాను. సభ కాగానే మద్రాసు వెళ్ళి ఈ కన్నం పూడ్చెయ్యమంటాను. నడి ఉపన్యాసంలో బిరడా ఊడితే ఈలేసే వక్తని ఎవడు వింటాడు? అలవాటు కోసం ఇప్పటి నుంచే బిరడా పెట్టుకుని పడుకుంటున్నాను. వద్దన్నాడు డాక్టరు. నీక్కూడా చెప్పాడు, గుర్తుందిగా, బిరడా పెట్టి నిద్రపోతే పాత కథేనని. పాత కథే మొదలైంది. నిన్న పనిలో ఉండగా, ప్రెస్సులో ప్రూఫు దిద్దుతూ కాగితం మీదే పడిపోయాను. సిరా అంటిన చెంపతో ఇంటిదాకా నడిచొచ్చాను, ఒక్కడూ చెప్పలేదు.

నువ్వుంటే చెప్పేదానివి. గొట్టం లాక్కునేదానివి, కొట్టేదానివి కూడానేమో. నువ్వు నిద్రపో. నీ నిద్ర సంగతి నువ్వు చూసుకున్నావు, నా సంగతి నేను చూసుకుంటాను.

దశరథ్

వినగడప, మీ వసారా,
మే రెండు, మధ్యాహ్నం

పార్వతీ,

నువ్వు నిద్రపోతుంటే ఇది రాస్తున్నాను.

నిన్న సాయంత్రం సభలో ఆదిశేషయ్యగారు మాట్లాడుతున్నారు. తర్వాతి మాట నాది. కాగితం చేతిలోనే ఉంది. అంతవరకే గుర్తు. కళ్ళు తెరిచేసరికి జనం విరగబడి నవ్వుతున్నారు. వేదిక మీదే, మైకు పక్కనే నిద్రపోయి గురకపెట్టానట. లౌడుస్పీకర్లున్నంత మేరా వినపడిందట. "మైకు ఆపండ్రా, లారీ మీదికొస్తోందని జనం పారిపోతారు!" అంటున్నాడు ఖాదర్‌బాషా. ఆదిశేషయ్యగారు నావంక చూడకుండా, "ఇదీ మన కామ్రేడ్ దిద్దుబాటు" అన్నారు.

నా కోపం నీకు తెలుసు. ఆయన మీదికి లేచాను. నోరు తెరవబోయి, చేతిలో కాగితం మీద నా రాతలోనే ఉన్న 'సోమరితనం' అనే మాట చూశాను. కోపమంతా దాని మీదికి తిరిగింది. కండువా లాగి పారేశాను. బిరడా పీకేశాను. అరవబోతే అరుపు లేదు, మైకులో బుస్సుమని గాలి. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు గొట్టానికి వేలు అడ్డం పెట్టి చెప్పాను. "ఇది సోమరితనం కాదు. జబ్బు. నిద్రలో నాకు ఊపిరాడదు. నేను రాసిచ్చింది అబద్ధం." అంతే. ఇంత చిన్న ఉపన్యాసం నా జీవితంలో ఇవ్వలేదు.

"ముందే చెబితే ఏం పోయేదిరా?" అన్నారు ఆదిశేషయ్యగారు. "జాలిపడతారని" అన్నాను. "నీ మీదా? నీ నోటికి భయపడటానికే తీరిక చాలదు మాకు, జాలొకటా!" అన్నారు. తీర్మానం రద్దు చెయ్యాలంటే ఇంకో మీటింగు పెట్టాలట. పెట్టుకోమన్నాను. కన్నం పూడ్పించను. బిరడా ఎవరి కాలి కిందో నలిగిపోయింది. కొత్తది మద్రాసు నుంచి వచ్చేదాకా నా మాటలన్నీ వేలితోనే.

కండువా లేకుండా బస్సెక్కాను. పక్క సీటు ముసలాయన దారంతా నా గొంతే చూసి, దిగేటప్పుడు "నొప్పి పుడతదా అబ్బాయ్?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. ఇంకేం అడగలేదు.

ఇక్కడికొచ్చేసరికి నువ్వు లోపల మంచం మీద నిద్రపోతున్నావు. మీ అమ్మ లేపబోతే వద్దని సైగ చేశాను. "వచ్చిన కాణ్ణుంచీ ఇదే వరస అల్లుడుగారూ. తింటుంది, పడుకుంటుంది. మీ ఉత్తరాలు వచ్చినయి, లేచాక చదువుతానంటది, మళ్ళీ పడుకుంటది. మీ ఇంట్లో దీన్ని పడుకోనివ్వరా ఏంటి?" అంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

మంచం పక్కన కూర్చున్నాను. నిద్రపోతానన్నావు, నిద్రపోయావు, అంతే. వదిలేసి పోయావని నేననుకున్నాను. గాలి పీలుస్తున్నావు, వదులుతున్నావు. ఇంత తేలికగా ఊపిరి పీల్చే మనిషిని ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. మధ్యలో ఒకసారి వదిలాక పీల్చడం కొంచెం ఆలస్యమైంది. నాకు తెలియకుండానే నా చెయ్యి నీ భుజం మీదికి వెళ్ళింది. తాకేలోగా నువ్వే పీల్చావు. పెళ్ళయిన నాటి నుంచీ ప్రతి రాత్రీ గాలిలో అలా ఆగిన చెయ్యి నీది.

వేలు పెట్టి ఒక్కసారి పిలిస్తే లేచేదానివి. పిలవలేదు. ఈ కాగితం నీ తలగడ పక్కన పెడుతున్నాను. నేను వసారాలోనే ఉంటాను. తొందరేం లేదు, కడుపునిండా నిద్రపో. లేచాక పిలు, పగలైనా సరే, పేరు పెట్టే పిలు. కేకేసి పలకలేను గానీ వస్తాను.

దశరథం