డి డ్రైవ్ కనబడటం లేదు

జూన్ 9, ఆదివారం. ఉదయం 11

కంప్యూటర్ మెకానిక్ మంగళవారం వస్తానన్నాడు. నేనే ఆగలేకపోయాను. ఎంబ్రాయిడరీ మిషన్‌కి డిజైన్లు పంపే కంప్యూటర్ మరీ మొరాయిస్తోంది. అతనిచ్చిన పెన్‌డ్రైవ్ ఉంది కదా, కొత్త విండోస్ వేసుకోవడం ఎంతసేపు అనుకున్నాను.

తీరా చూస్తే స్క్రీన్ మీద సి లేదు, డి లేదు. డిస్క్ ముక్కలకి పార్టిషన్ 1, 2, 3 అని అంకెలు. మొదటిది బొత్తిగా చిన్నది. తక్కిన రెండూ కవల పిల్లల్లా 232 జీబీలే. పాత విండోస్ ఉన్న సి ఏది? డిజైన్లున్న డి ఏది? రెండోదే సి అయ్యుంటుందని డిలీట్ కొట్టాను.

మధ్యాహ్నం 1

విండోస్ వచ్చింది. డి కూడా ఉంది. నొక్కితే డిస్క్ పెట్టమంటోంది. అది సీడీ డ్రైవ్. మరి నా డి ఏది? నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాను.

జూన్ 10

అవి వదిన డిజైన్లు. మా ఆయన అక్క. ఆరేళ్లు చేత్తో గీసి ఎక్కించినవి. ఇప్పుడు ఆవిడ చెయ్యి వణుకుతుంది, పెన్సిల్ నిలవదు. గీసిన కాగితాలు ఎప్పుడో పారేశాం.

మిషన్ ఎందుకు ఆగిందని అడిగింది. మెకానిక్ నిన్న వచ్చి ఫార్మాట్ చేస్తూ డిజైన్లన్నీ చెరిపేశాడని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆవిడ చెప్పులేసుకుని అతని షాపుకి వెళ్లింది. గంటకి తిరిగొచ్చి, దులిపేశాను, రేపు వస్తాడు అంది.

జూన్ 11

వచ్చాడు. చెరిపింది తను కాదని అతను ఒక్క ముక్క అనలేదు. డిస్క్ మొత్తం గళ్లుగళ్లుగా కనిపించే పేజీ ఏదో తెరిచాడు. ఒక గడికి అక్షరం లేదు. డేటా ఎక్కడికీ పోలేదట, డి అనే అక్షరం సీడీ డ్రైవ్ లాగేసుకుందట. దానికి జెడ్ ఇచ్చి, ఈ గడికి డి ఇచ్చాడు.

412 డిజైన్లు. వదిన కుర్చీ లాక్కుని మొదటి నుంచీ ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది.

అతను మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఎందుకు ఊరుకున్నాడు? నాలుగు తిట్టినా బాగుండేది. ఏమీ అర్థం కావడం లేదు.

జూన్ 12

వదిన దారం మారుస్తుంటే చెప్పేశాను. చేసింది నేనేనని.

తెలుసంది. తిట్టడానికే వెళ్లిందట. అసలు మీ ఇంటికే రాలేదండీ అని అతను తెల్లమొహం వేశాడట. మా ఇంట్లో మాత్రం ఈ మాట ఎత్తకు బాబూ అని ఈవిడే బతిమాలిందట. నాకు వారం పడుతుందనుకుందట, రెండు రోజులకే చెప్పానట. నవ్విందో లేదో తెలియలేదు, తల వంచుకుని కొత్త దారం ఉండ బిగిస్తోంది.

జూన్ 13

షాపుకి వెళ్లి అతనికీ చెప్పాను. కోపం లేదు. డిలీట్ చేయాల్సింది రెండోదేనని ఎలా కనిపెట్టారండీ అని మాత్రం అడిగాడు.

ఊహించానన్నాను.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, మూడోది కొట్టుంటే ఆ 412 తిరిగొచ్చేవి కావండీ అన్నాడు.